మూడు మీటర్ల వాన పడే రంగత్‌లో మెట్ట కష్టాలు ఎందుకు?

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అండమాన్ దీవుల్లో సుమారు 3,000 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే ఐదు రెట్లకు పైమాటే. అయినా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మధ్య అండమాన్‌లోని రంగత్ పరిసరాల్లో తిరిగితే అనంతపురం రైతుకు బాగా తెలిసిన దృశ్యాలే ఎదురవుతాయి. వరి మడులు బీటలు తీసి ఉంటాయి. కొండ వాగులు సన్నబడి మడుగులుగా మిగులుతాయి. వక్కతోటల్లో కింది ఆకులు పండుబారి వేలాడుతుంటాయి. మళ్లీ మే నెలలో వాన మొదలయ్యేదాకా చాలా పొలాలు ఖాళీగానే ఉంటాయి.

మూడు మీటర్ల వాన ఎటు పోయింది? రంగత్ వ్యవసాయం మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మెట్ట సేద్యం అనగానే వాన తక్కువ పడే ప్రాంతమే మనకు గుర్తొస్తుంది. కానీ కాలువ లేకుండా, పడిన వాన మీదే ఆధారపడే ఏ సేద్యమైనా వర్షాధారమే. అక్కడ పంటను నిలబెట్టేది ఎంత వాన పడిందన్నది ఒక్కటే కాదు, పడినదాంట్లో నేల ఎంత పట్టి ఉంచిందన్నది కూడా. ఆ రెండో లెక్కలోనే రంగత్ వెనకబడింది.

చిల్లుకుండ లెక్క

శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్) నుంచి అండమాన్ ట్రంక్ రోడ్డు మీద ఉత్తరంగా సుమారు 170 కిలోమీటర్లు వెళ్తే రంగత్ వస్తుంది. ఇక్కడ వాన మే నెలలో నైరుతితో మొదలై, అక్టోబరు తర్వాత ఈశాన్య రుతుపవనాలతో డిసెంబరు దాకా సాగుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు నాలుగు నెలలు ఎండాకాలమే. ఒకటీ అరా జల్లు పడినా పంటను ఆదుకునేంత కాదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎండాకాలంలో ఇలాంటి ఉష్ణ ప్రాంతాల్లో నేల నుంచి, ఆకుల నుంచి రోజుకు నాలుగైదు మిల్లీమీటర్ల నీరు గాలిలో కలుస్తుంది. 120 రోజులకు అది 480 నుంచి 600 మిల్లీమీటర్లు. ఇప్పుడు నేలను చూద్దాం. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న కొండవాలు నేల, లోతు అర మీటరు మాత్రమే అనుకుంటే, మొక్క పీల్చుకోగలిగిన తేమ అందులో 50, 60 మిల్లీమీటర్లకు మించి నిలవదు. అంటే రెండు వారాల నిల్వ. లోయలోని బంకపాలు నేల అయితే మరికొంత ఎక్కువ నిలుపుతుంది, కింద ఊటనీరు దగ్గరగా ఉంటే ఇంకొన్నాళ్లు ఆదుకుంటుంది. ఎలా చూసినా నాలుగు నెలలకు సరిపోదు.

మిగిలిన నీరంతా ఏమైంది? నేల నిండిపోయిన తర్వాత పడిన ప్రతి చినుకూ వాలు మీదుగా జారిపోయింది. ఈ దీవుల్లో పొడవాటి నదులు లేవు. కొండకూ సముద్రానికీ మధ్య దూరం తక్కువ. మధ్యాహ్నం కొండ మీద పడిన వాన పొద్దుగూకేలోపే ఉప్పునీటిలో కలిసిపోతుంది. చిల్లుకుండలో ఎన్ని నీళ్లు పోసినా నిలిచేది కుండ అడుగున ఉన్నంతే. అనంతపురం రైతుకు నీరు చాలదు, రంగత్ రైతుకు కుండ చాలదు.

అలా జారిపోయే నీరు ఒంటరిగా పోదు. పైమట్టిని, అందులోని పోషకాలను వెంట తీసుకుపోతుంది. ఇదే రంగత్ రెండో సమస్య.

అడవి పచ్చదనం చూసి నేలను అంచనా వేస్తే

రంగత్ చుట్టూ ఊళ్ల పేర్లు వింటే తెలుగువారికి చప్పున దగ్గరితనం కలుగుతుంది. దశరథ్‌పూర్, జనక్‌పూర్, మిథిల, ఊర్మిళాపూర్, పంచవటి, శబరి, చివరికి పర్ణశాల కూడా ఉంది. ఇవి పురాణకాలపు ఊళ్లు కావు. దేశ విభజన తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకు ప్రభుత్వం 1949 నుంచి అండమాన్‌లో భూములిచ్చి స్థిరపరచింది. ఆ క్రమంలో 1950ల్లో మధ్య అండమాన్‌లో అడవి కొట్టి వేసిన ఊళ్లే ఎక్కువ. ఆనాటి పథకంలో కుటుంబానికి వరి కోసం 5 ఎకరాల చదును భూమి, తోటల కోసం 5 ఎకరాల కొండ భూమి అనేది మూల సూత్రం. రాంచీ ప్రాంతం నుంచి అడవి పనులకు వచ్చినవారు, తమిళులు, శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన తెలుగువారు తర్వాత కలిశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు.

ఆకాశాన్నంటే చెట్లున్న చోట నేల బంగారమై ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. వాన ఎక్కువగా పడే ఉష్ణ ప్రాంతపు అడవుల్లో సంగతి వేరు. అక్కడ పోషకాలు ప్రధానంగా చెట్లలో, రాలిన ఆకులో ఉంటాయి. ఆకు రాలగానే వేడికీ తేమకూ వేగంగా కుళ్లిపోతుంది, వేళ్లు వెంటనే పీల్చేసుకుంటాయి. నేల అందులో ఒక మజిలీ మాత్రమే. చెట్లు కొట్టేస్తే ఆ చక్రం తెగిపోతుంది. మొదటి కొన్నేళ్లు మిగిలిన ఆకు చెత్తతో పంట బాగానే వస్తుంది. ఆ తర్వాత ప్రతి వానాకాలం కొంచెం కొంచెంగా కాల్షియం, మెగ్నీషియం, పొటాష్‌లను కడిగేస్తుంది. ఆ ఖాళీని హైడ్రోజన్, అల్యూమినియం ఆక్రమిస్తాయి. నేల పులుస్తుంది. శాస్త్రవేత్తలు వీటిని ఆమ్ల నేలలంటారు.

తెలుగు రైతుకు చౌడు బాగా తెలుసు, పులుపు నేల అంతగా తెలియదు. మన జిల్లాల్లో ఎక్కువ భూములు తటస్థం నుంచి క్షారం వైపు ఉంటాయి. పాడేరు, చింతపల్లి లాంటి ఏజెన్సీ కొండల్లో మాత్రం పులుపు కనిపిస్తుంది. నేల పీహెచ్ 5.5 కంటే దిగితే కరిగిన అల్యూమినియం వేరు కొనలను దెబ్బతీయడం మొదలుపెడుతుంది. వేళ్లు పొట్టిగా, మొద్దుగా మిగిలిపోతాయి. ఇనుము, అల్యూమినియం కలిసి భాస్వరాన్ని పట్టేసుకుంటాయి. రైతు బస్తా సూపర్ చల్లినా మొక్కకు అందేది కొంతే. పప్పుజాతి మొక్కల వేళ్ల మీద నత్రజని బుడిపెలు కట్టే సూక్ష్మజీవులు కూడా ఈ పులుపులో సరిగా బతకవు.

ఇక్కడే నీటి సమస్య, నేల సమస్య ఒకటైపోతాయి. వేరు లోతుకు దిగలేకపోతే, కింద తేమ ఉన్నా మొక్కకు లేనట్టే. ఫిబ్రవరిలో వాడిపోయిన పెసర మొక్కను చూసి రైతు వాన లేదని అనుకుంటాడు. పీకి చూస్తే వేరు జానెడు కూడా ఉండదు.

సి-14-8ను రైతు ఎందుకు వదలడు

అండమాన్ వరి పొలాల్లో చాలాకాలంగా ఏలుతున్న రకం పేరు సి-14-8. బర్మా నుంచి వచ్చిన పొడవాటి రకం. దాదాపు ఆరు నెలలు పొలంలో ఉంటుంది. దిగుబడి కొత్త రకాలకంటే తక్కువ. కోత డిసెంబరు చివర, జనవరిలో. అప్పటికి వాన ఆగిపోతుంది. పొలం తడి కూడా వేగంగా ఆరిపోతుంటుంది.

కాగితం మీద పరిష్కారం సులభం. నాలుగు నెలల రకం వేస్తే అక్టోబరు, నవంబరులో కోత అయిపోతుంది. ఈశాన్య వానల చివరి తడి మీద పెసర, మినుము వేస్తే ఫిబ్రవరిలో చేతికొస్తాయి. రెండు పంటలు, పైగా పప్పుపంట వల్ల నేలకు నత్రజని. ఏళ్ల తరబడి సలహాలు ఇలాగే ఉన్నాయి. రైతులు మాత్రం పాత రకాన్ని పూర్తిగా వదల్లేదు. ఇది మొండితనం అనుకుంటే పొరపాటు.

సి-14-8 పగటి పొడవును బట్టి పూత పట్టే రకం. ఎప్పుడు నాటినా పగలు తగ్గేదాకా ఈనదు. అందువల్ల గింజ ముదిరే సమయం వానలు తెరిపిచ్చే సమయానికి సరిపోతుంది. పొట్టి కాలం రకం అయితే సరిగ్గా అక్టోబరు, నవంబరు వానల్లో కోతకొస్తుంది. పడిపోయిన పైరు, కంకి మీదే మొలకెత్తిన గింజ, ఆరబెట్టడానికి చోటులేక నల్లబడిన ధాన్యం. నవంబరు అంటే బంగాళాఖాతంలో తుపానుల నెల కూడా. 2013 నవంబరు చివర్లో వచ్చిన లెహర్ తుపాను మచిలీపట్నం వైపు రాకముందు దక్షిణ అండమాన్ మీదుగానే దాటింది. మన తీరానికి చేరేసరికి బలహీనపడింది కాబట్టి మనకు పెద్దగా గుర్తులేదు.

ఇంకోటి గడ్డి. పొడవాటి రకం ఇచ్చే గడ్డి ఆ నాలుగు ఎండు నెలలు పశువులకు మేత. పశువు అంటే పేడ. ఎరువుల బస్తా ఓడెక్కి రావలసిన చోట పేడకు విలువ ఎక్కువ. పొట్టి రకం వేసిన రైతు గింజల్లో లాభపడి గడ్డిలో నష్టపోవచ్చు. అలా నష్టపోయిన గడ్డి రెండేళ్లలో నేలలో కనిపిస్తుంది.

కాబట్టి రకం మార్చమని చెప్పేముందు ఆరబెట్టే చోటు, నూర్పిడి యంత్రం, మేత ఏర్పాటు గురించి చెప్పాలి. అవి లేకుండా విత్తనం ఒక్కటే పంచితే అది ఒక సీజను ముచ్చటగా ముగుస్తుంది. నీరు త్వరగా జారిపోయే ఎగువ మడుల్లో పొట్టి రకం, నీరు నిలిచే పల్లపు మడుల్లో పాత రకం అన్న పంపకం రెండింటికీ మధ్యేమార్గం. ఉప్పు తగిలే తీరపు మడులకు దీవుల పరిశోధన సంస్థ విడుదల చేసిన కారి ధాన్ 5 లాంటి రకాలూ ఉన్నాయి.

కొడవలికి ముందే విత్తనం

రకం మార్చకుండానే రెండో పంట సాధ్యమా? ఇందుకు జవాబు కృష్ణా, గుంటూరు డెల్టా రైతుల దగ్గర ఎప్పటినుంచో ఉంది. అక్కడ వరి కోతకు రెండు మూడు రోజుల ముందే బురద తడి మీద మినుము వెదజల్లుతారు. కోత పూర్తయ్యేసరికి మొలక నిలబడుతుంది. దుక్కి లేదు, తడి లేదు. తూర్పు భారతంలో ఇదే పద్ధతిని పైరా అంటారు, మధ్య భారతంలో ఉతేరా. అంటే రంగత్‌లో స్థిరపడిన బెంగాలీ, తెలుగు కుటుంబాల పూర్వీకుల ఊళ్లలో ఈ విద్య ఏదో ఒక పేరుతో ఉన్నదే.

దీని కీలకం రోజుల లెక్కలో ఉంది. వరి కోసం దమ్ము చేసిన నేల అడుగున గట్టి పొర కడుతుంది. నీరు ఆగాలంటే అది కావాలి. కానీ కోత తర్వాత అదే నేల పైనుంచి ఆరుతూ గట్టిపడి బీటలు తీస్తుంది. పది రోజులు ఆలస్యంగా దున్ని విత్తితే పెళ్లలు లేస్తాయి, ఉన్న తడి దుక్కిలోనే పోతుంది. కోతకు ముందే పడిన గింజ మాత్రం నేల మెత్తగా ఉండగానే వేరు కిందికి దింపుతుంది. ఆ తర్వాత పైపొర ఆరినా దానికి దిగులు తక్కువ.

ఇందులోనూ కిటుకులున్నాయి. వెదజల్లిన గింజల్లో అన్నీ మొలవవు కాబట్టి విత్తనం ఎక్కువ పడుతుంది. ఆంధ్రలో మాగాణి మినుముకు ఎకరాకు 16 కిలోలకు తగ్గకుండా వేస్తారు, మెట్టలో వేసేదానికి దాదాపు రెట్టింపు. నేలలో ఎరువు వేసే వీలుండదు. అందుకే లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తారు. డెల్టాలో భారీ కోత యంత్రాలు వచ్చాక లేత మొలకలు చక్రాల కింద నలిగి ఈ పద్ధతి ఇబ్బందుల్లో పడింది. రంగత్ మడులు చిన్నవి కాబట్టి ఆ బెడద తక్కువ.

అక్కడ అసలు బెడద వేరే. కోత అయ్యాక పశువులను ఊరి పొలాల్లో వదిలేయడం మామూలు. ఊరంతా ఖాళీగా ఉండి ఒక్కరే పెసర వేస్తే ఆ పచ్చదనం మీదికి మంద వస్తుంది. పశువులు రాకపోతే జింకలు వస్తాయి. బ్రిటిష్ కాలంలో తెచ్చి వదిలిన చుక్కల జింకలకు ఈ దీవుల్లో పులి లేదు, చిరుత లేదు. కంచె ఖర్చు ఒక్క రైతు భరించేది కాదు. ఒక లోయలోని మడులవారంతా ఒకే వారంలో విత్తి, ఒకే కంచె వేసుకుంటే తప్ప ఈ పంట నిలవడం కష్టం. పెసర దిగుబడిని నిర్ణయించేది రకం కంటే ముందు ఊరి కట్టుబాటు.

పులుపు నేలలో పప్పుపంటకు మరో రెండు జాగ్రత్తలు అవసరం. విత్తనానికి రైజోబియం పట్టించడం ఒకటి. వరికి ముందే, మే నెలలో, నేలకు సున్నం అందించడం రెండోది. సున్నం పని నెమ్మదిగా సాగుతుంది, జనవరిలో చల్లితే ఆ పంటకు ఉపయోగపడేది తక్కువ.

పటాన్‌చెరు కాలువలు, అండమాన్ కాలువలు

వెడల్పు మడి, కాలువ పద్ధతి అనగానే తెలంగాణ వ్యవసాయ విద్యార్థులకు ఇక్రిశాట్ గుర్తొస్తుంది. 1972లో పటాన్‌చెరులో మొదలైన ఆ సంస్థ నల్లరేగడి నేలల కోసం దీన్ని అభివృద్ధి చేసింది. అక్కడ మడి వెడల్పు సుమారు ఒక మీటరు, పక్కన అర మీటరు కాలువ. వాన ఎక్కువైతే నీరు మెల్లగా బయటికి పోవాలి, తక్కువైతే మడిలో ఇంకాలి.

అండమాన్‌లో అదే పేరుతో జరుగుతున్నది మరో కథ. 1978లో పోర్ట్ బ్లెయిర్‌లో ఏర్పడిన వ్యవసాయ పరిశోధన కేంద్రం, ఇప్పటి కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ, పల్లపు వరి పొలాలకు దీన్ని పెద్ద కొలతలతో మలిచింది. నాలుగైదు మీటర్ల వెడల్పున మడి, దాని పక్కన దాదాపు అంతే వెడల్పున మీటరుకు పైగా లోతున్న కాలువ. కాలువలో తవ్విన మట్టే మడి ఎత్తు పెంచుతుంది. వానాకాలంలో కాలువలో వరి, చేపలు. మడి మీద బెండ, వంగ, ఆకుకూరలు. దీవుల్లో వానాకాలమే కూరగాయల కొరత కాలం, ఎందుకంటే నేలంతా నీరు నిలుస్తుంది. ఎత్తు మడి ఆ కొరతకు జవాబు. ఎండాకాలంలో కాలువ నీరే మడికి తడి అవుతుంది.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఈ పద్ధతికి ఇంకో ఉపయోగం బయటపడింది. ఉప్పునీరు చేరిన పొలాల్లో ఎత్తు మడి మీద పడిన భారీ వాన ఉప్పును కిందికి కడిగేస్తుంది. మూడు మీటర్ల వాన శాపంగానే ఉండదు. ఉప్పు కడగడానికి అంతకంటే మంచి సాధనం లేదు.

అయితే తీరపు పల్లాల్లో తవ్వేముందు ఒక విషయం చూడాలి. ఒకప్పుడు మడ అడవి ఉన్న చోట అడుగుమట్టిలో గంధకపు ఖనిజం దాగి ఉంటుంది. నీటి కింద ఉన్నంతకాలం దానివల్ల హాని లేదు. తవ్వి మడి మీద పోస్తే గాలి తగిలి గంధకామ్లంగా మారుతుంది, పీహెచ్ 4 కంటే కిందికి పడిపోతుంది. ఆ మడి మీద గడ్డి కూడా మొలవదు, కాలువలో చేపలూ బతకవు. అడుగుమట్టి ముదురు బూడిద రంగులో ఉండి, కుళ్లిన గుడ్డు వాసన వస్తే పార ఆపి పరీక్షకు పంపడం మేలు.

పొలానికో కుంట

ఎకరా పొలంలో 3,000 మిల్లీమీటర్ల వాన అంటే సుమారు 1.2 కోట్ల లీటర్లు. 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతున ఒక కుంట తవ్వితే, గట్ల వాలు పోను నాలుగున్నర లక్షల లీటర్లు పడుతుందనుకుందాం. పడిన వానలో అది నాలుగు శాతం కూడా కాదు. జనవరి నుంచి ఏప్రిల్‌లోపు ఎండకు లక్షన్నర లీటర్లు ఆవిరైపోతే మూడు లక్షలు మిగులుతుంది. ఎకరాకు ఒక మిల్లీమీటరు తడి అంటే 4,000 లీటర్లు. కాబట్టి ఆ నీటితో ఎకరా పెసరకు రెండు తడులు ఇవ్వొచ్చు, లేదా 30 సెంట్లలో డ్రిప్పు పెట్టి ఒక కూరగాయ పంట పూర్తిగా తీయొచ్చు. ధర దృష్టితో చూస్తే రెండోదే మేలు. రంగత్ బజారుకు కూరగాయలు చాలావరకు దూరం నుంచి, కొన్ని ఓడ మీద కూడా, వచ్చేవే.

ఈ లెక్కలో ఇంకుడు కలపలేదు. లోయలోని బంక నేలలో ఇంకుడు తక్కువ, కొన్నిచోట్ల ఊటే కుంటను నింపుతుంది. కొండవాలులో మాత్రం నీరు నిలవదు, అడుగున మందపాటి ప్లాస్టిక్ పరచాల్సిందే. వాలులో కుంట పెట్టడంలో ఒక లాభం ఉంది: కిందికి పారే నీటికి పంపు అక్కర్లేదు.

కొండ ఎకరాలు: డొక్క, ఆకు, నీడ

వరి మడి కంటే రంగత్ రైతుకు డబ్బు తెచ్చేది కొండవాలులోని వక్క, కొబ్బరి. నేల ఎక్కువగా నష్టపోయేది కూడా అక్కడే. పాదులు శుభ్రంగా ఉండాలని గడ్డి మొత్తం చెక్కేసిన తోటలో తొలి వానకే ఎర్రనీరు పారుతుంది. వాలుకు అడ్డంగా గట్లు, పాదు చుట్టూ కింది వైపు అర్ధచంద్రాకారపు కట్ట, మధ్యలో నేలను కప్పే గడ్డి ఉంటే ఆ నీరు తేటబడుతుంది.

కొబ్బరి ఉన్నచోట ఆచ్ఛాదన కోసం వెతుక్కోనవసరం లేదు. కోనసీమ రైతు పొయ్యిలోకో, పీచు మిల్లుకో పంపే డొక్క తన బరువుకు కొన్ని రెట్లు నీరు పట్టి ఉంచుతుంది. పాదు చుట్టూ కందకం తీసి డొక్కలను వరుసలుగా పేర్చి మట్టి కప్పితే, వానాకాలంలో నిండిన తడి ఎండాకాలంలో నెమ్మదిగా వేళ్లకు అందుతుంది. డొక్కలో పొటాష్ కూడా ఉంది. వానకు కడుక్కుపోయే పోషకాల్లో పొటాష్ ముందుంటుంది కాబట్టి ఇది రెండిందాలా కలిసొస్తుంది. రాలిన మట్టలను కాల్చకుండా పాదులో పరిచినా నేల మీద ఎండ పడటం తగ్గుతుంది.

మిరియపు తీగకు ఊతంగా, కంచెగా దీవుల్లో గిరిపుష్పం విరివిగా పెంచుతారు. ఇది పప్పుజాతి చెట్టు. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, పులుపు నేలను తట్టుకుంటుంది, ఏడాదికి రెండు మూడుసార్లు కొడితే నత్రజని నిండిన ఆకునిస్తుంది. వాలుకు అడ్డంగా వరుసలో వేస్తే జారే మట్టిని ఆపే కంచె కూడా అదే.

ఆచ్ఛాదనకు ఒక ప్రతికూలత ఉంది. దీవుల్లో ఆఫ్రికా రాక్షస నత్తల బెడద ఎక్కువ. తడి ఆకు చెత్త వాటికి సొంతిల్లు. లేత కూరగాయల మడిలో, వానాకాలంలో, మందంగా ఆకు పరచడం అంటే వాటిని విందుకు పిలవడమే. డిసెంబరు చివర వాన తగ్గాక పరిస్తే తేమ కాపాడే పని జరుగుతుంది, నత్తల సంఖ్యా తక్కువగా ఉంటుంది.

కర్బనం గురించి కాస్త నిదానంగా

సేంద్రియ కర్బనం పెరిగితే నేల స్పాంజిలా నీరు పట్టేస్తుందని తరచూ వింటుంటాం. 2018లో మినాస్నీ, మెక్‌బ్రాట్నీ అనే ఇద్దరు నేల శాస్త్రవేత్తలు ప్రపంచవ్యాప్త సమాచారాన్ని ఒకచోట చేర్చి లెక్కగట్టారు. కర్బనం ఒక శాతం పెరిగితే ప్రతి పది సెంటీమీటర్ల మట్టిలో మొక్కకు అందే నీరు సగటున పెరిగేది 1.16 మిల్లీమీటర్లు. అడుగు లోతుకు చూస్తే మూడున్నర మిల్లీమీటర్లు. రంగత్ ఎండలో అది ఒక రోజుకు కూడా చాలదు. పైగా వేడి, తేమ కలిసిన వాతావరణంలో కర్బనం ఒక శాతం పెంచడం ఏళ్ల పని.

అలాగని పేడ, పచ్చిరొట్ట వృథా అనుకోకూడదు. వాటి మేలు వేరే చోట ఉంది. సేంద్రియ పదార్థం కరిగిన అల్యూమినియాన్ని పట్టి వేళ్లకు హాని తగ్గిస్తుంది. వాన కడిగేసే పోషకాలను పట్టి ఉంచుతుంది. మట్టి రేణువులను గుళికలుగా కట్టి వాన లోపలికి దిగేలా చేస్తుంది, కాబట్టి జారిపోయే నీరు, దానితో పోయే మట్టి తగ్గుతాయి. వేరు లోతుకు వెళ్లేలా చేస్తే అది నీరు ఇచ్చినట్టే. వరికి ముందు మే నెలలో జీలుగ చల్లి, ఆరు వారాలకు కలియదున్నితే ఈ పనులన్నీ కొంతవరకు జరుగుతాయి. తేమ నిల్వ కోసం మాత్రం కుంటనూ ఆచ్ఛాదననూ నమ్ముకోవడమే దారి.

కార్డులో రాసిన సున్నం ఎవరు తెస్తారు

భూసార పరీక్ష కార్డుల పథకం 2015 ఫిబ్రవరి 19న మొదలైంది. పీహెచ్, కర్బనం, నత్రజని నుంచి బోరాన్ దాకా 12 అంశాలు అందులో ఉంటాయి. రంగత్, మాయాబందర్ మధ్య నింబుదేరాలో కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. కాబట్టి నేల పులిసిందన్న సంగతి రైతుకు తెలియడం పెద్ద కష్టం కాదు. తెలిసిన తర్వాతే చిక్కు. బాగా పులిసిన నేలకు ఎకరాకు సున్నం టన్నుల్లో కావాల్సి రావచ్చు. అది ప్రధాన భూభాగం నుంచి ఓడలో రావాలి, రేవు నుంచి లారీలో రావాలి. సున్నపురాయి చవకైన సరుకు, రవాణా ఖరీదైనది. దీవుల చుట్టూ ఉన్న పగడపు దిబ్బలు సున్నమే అయినా అవి రక్షణలో ఉన్నవి, ముట్టుకోకూడదు.

అందుకే ఇక్కడ తక్కువ సున్నంతో పని జరిపే మార్గాలే ఆచరణకు నిలుస్తాయి. పొలమంతా చల్లకుండా విత్తే సాలులో, లేదా వక్క, కొబ్బరి పాదులో మాత్రమే వేయడం ఒకటి. భాస్వరం కోసం రాక్ ఫాస్ఫేట్ వాడటం ఇంకొకటి. మన నల్లరేగడిలో కరగని ఆ రాయిపొడి పులుపు నేలలో నెమ్మదిగా కరుగుతుంది, కొంత కాల్షియం కూడా ఇస్తుంది. ఇంటి పొయ్యి బూడిద కూడా చిన్న మోతాదు సున్నమే, కూరగాయల మడికి సరిపోతుంది. అంచనాతో ఎక్కువ సున్నం పోయడం మాత్రం నష్టమే. పీహెచ్ అవసరానికి మించి పెరిగితే జింకు, బోరాన్ అందకుండా పోతాయి.

నేల అలసిపోయిందని పక్క అడవిలోకి జరిగే అవకాశం రంగత్ రైతుకు లేదు. దీవుల్లో 80 శాతానికి పైగా అడవి, సాగుభూమి పదో వంతు కూడా లేదు. 2002 మే 7 నాటి సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత అడవి కొట్టడం మీదా, ఆక్రమణల మీదా కట్టడి బిగుసుకుంది. పడమట జారవా తెగ రక్షిత ప్రాంతం ఉంది. 1950ల్లో ఇచ్చిన పదెకరాలు మూడో తరానికి వచ్చేసరికి అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలవుతున్నాయి. వరి మడిని పూడ్చి వక్క వేయడం చాలామందికి సులువుగా కనిపిస్తోంది, ఎందుకంటే వక్కకు ధర ఉంది, పని తక్కువ. కానీ పల్లంలో నీరు పట్టి ఉంచే మడులు పోతే వాన ఇంకా వేగంగా సముద్రం చేరుతుంది, చుట్టుపక్కల బావుల్లో ఊట తగ్గుతుంది. మార్చిలో తడి కావాల్సిన పంటల్లో వక్క ముందుంటుంది.

ఆ మార్పు ఆగాలంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా మడి ఖాళీగా ఉండకూడదు. పెసర గానీ, 30 సెంట్ల కూరగాయ గానీ ఆ నాలుగు నెలల్లో వక్కతో పోటీపడే ఆదాయం చూపించాలి. కుంట తవ్వకానికీ ఊరుమ్మడి కంచెకూ సాయం, సున్నం రవాణాకు రాయితీ, నవంబరు ధాన్యం ఆరబెట్టడానికి కప్పున్న కల్లం: ఈ నాలుగింటిలో రైతు ఒంటరిగా చేసుకోగలిగింది కుంట ఒక్కటే. అదైనా జనవరిలో మొదలుపెట్టి మే తొలి జల్లులోపు పూర్తిచేస్తేనే ఆ ఏటి వాన అందులో నిలుస్తుంది.